ఏనుగు ఇంట్లో వజీరు

మొన్న శనివారం మధ్యాహ్నం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, బళ్ళో కొత్తగా నేర్చుకున్న చదరంగం నాతో ఆడి తీరతానని వంటింటి బల్ల మీద బోర్డు పరిచింది. కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో ఈ ఇంటికి వచ్చాక ఆ బల్ల మీద చిక్కుళ్ళు ఒలవడం, కరెంటు బిల్లు చూసి నిట్టూర్చడం తప్ప ఇంకో వినోదం జరిగినట్టు నాకు గుర్తు లేదు కనుక నేనూ సంబరంగానే కూర్చున్నాను. ఆట కాస్త సాగాక నా బంటు ఒకటి ఎలాగో ప్రాణాలు దక్కించుకుని చివరి వరుసలో మూలగడికి చేరింది, నేను ఏ ఆలోచనా లేకుండా పక్కన పడి ఉన్న ఏనుగును తీసి అక్కడ పెట్టాను. పిల్ల నన్ను జాలిగా చూసి, "అమ్మమ్మా, వై వుడ్ యూ టేక్ ఎ రూక్? యూ కెన్ హావ్ ఎ క్వీన్!" అంది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు, నాకేమో ఆ క్షణాన ఇంగ్లీషు రాలేదు. అది ఏనుగు ఇల్లు తల్లీ, ఆ ఇంట్లో అడుగుపెట్టినవాడు ఏనుగే అవుతాడు అని చెప్పబోయి ఊరుకున్నాను. అలవాటుగా ఏనుగు మీదికి పోయిన నా చేతిని చాలా ఏళ్ళ కిందట, ఇదే ఊళ్ళో, ఇంకొకావిడ కూడా ఇలాగే ఆపింది. ఆవిడ హంగేరీ దేశపు మనిషి, ఒకప్పుడు ఆ దేశంలో పేరుమోసిన చదరంగం క్రీడాకారిణి. పేరుమోసిన అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఎందుకంటే ఆవిడ కష్టమంతా ఆ పేరుతోనే.

నేను హన్మకొండ నుంచి గణాంకశాస్త్రంలో పరిశోధనకని కాన్‌బెర్రా వచ్చిన రోజుల్లో ఈ గంగాలిన్ అంతా గొర్రెల మేత బీడు. ట్రాము మాట దేవుడెరుగు, తారురోడ్డే సరిగా ఉండేది కాదు. ఊరు మొత్తం మీద తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక కారులో పట్టేంతమంది. చింతపండు కావాలంటే సిడ్నీ వెళ్ళేవాళ్ళెవరో కనుక్కుని వాళ్ళను బతిమాలుకోవాలి. నా ఈడు పాఠకుల్లో ఆ కాలంలో ఇక్కడికి వచ్చినవాళ్ళకు ఈ సంగతులు చెప్పనక్కరలేదు. యూనివర్సిటీ హాస్టల్లో పెట్టే ఉడికించిన మాంసం, ఉడికించిన బంగాళాదుంప తినలేక, వంట చేసుకోనిచ్చే ఇంట్లో గది కోసం వెతుకుతుంటే, మా డిపార్ట్‌మెంటులో టైపు చేసే ఆవిడ ఊళ్ళోనే ఎయిన్స్‌లీ అనే పేటలో తన పొరుగింటావిడ సంగతి చెప్పింది. ఇంటి ముందు రేగుపండు రంగులో కాసే ప్లమ్ చెట్టు, వెనక కట్టెల కొట్టం, మధ్యలో చిన్న ఇటుకల ఇల్లు. తలుపు తీసినావిడ పొట్టిగా, బొద్దుగా, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుని ఉంది. ప్రభుత్వ ఆఫీసులో భవనాల ప్లానులు గీసే ఉద్యోగం చేసి అప్పుడే విరమించుకుందట, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని గది అద్దెకిద్దామనుకుందట.

ఏమని పిలవాలని అడిగితే నేని అనమంది. వాళ్ళ భాషలో పెద్దావిడలను ముందు పేరు చెప్పి, చివర నేని చేర్చి పిలుస్తారట, మనం ఫలానా అత్తయ్య అన్నట్టు. పేరు నా నోరు తిరగదని అనుకుందో ఏమో, ఉత్త నేని చాలంది. మన కోస్తావైపు ఇంటిపేర్ల చివర వచ్చే నేని గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. మా నాన్న వింటే, ఈమె గుంటూరోళ్ళకు సుట్టమా అని అడిగి ఉండేవాడు. ఎందుకు నవ్వుతున్నావని ఆవిడ నిలదీస్తే, మా దేశంలో కొన్ని ఇళ్ళవాళ్ళ పేర్లు అలా ముగుస్తాయని, ఇంటిపేరు ముందు చెప్పి మనిషి పేరు తర్వాత చెబుతామని వివరించాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, మేమూ అంతే, ఇంటిపేరే ముందు అంది. మేమిద్దరం అంతదూరాల నుంచి వచ్చి ఒకే వరుసలో పేరు చెప్పుకునేవాళ్ళం కావడం మా ఇద్దరికీ చెప్పలేనంత ఆనందం కలిగించింది. యూనివర్సిటీలో నా పాట్లు అప్పుడే చెప్పేశాను. కాగితాల మీద ముందున్నదే నా పేరనుకుని మా ప్రొఫెసరు నన్ను నెలల తరబడి ఇంటిపేరుతో పిలిచేవారు, పిలిచినప్పుడల్లా మా తాతలు, బాబాయిలు, అత్తయ్యలు అందరూ కలిసి పలకాలేమో అనిపించేది. నేని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది, అద్దె సంగతి మాట్లాడటం ఇద్దరం మరిచిపోయాం.

ఆవిడ ఇంట్లో మొదటి వారం నాకు జరిగిన పెద్ద మోసం వాళ్ళ కారం. డబ్బా నిండా ఎర్రగా నిగనిగలాడుతుంటే నోరూరి, అన్నంలో నెయ్యి లేక వెన్న వేసుకుని, రెండు చెంచాలు కుమ్మరించుకుని కలిపాను. రంగు తప్ప కారం లేదు. వాళ్ళు దాన్ని పాప్రికా అంటారు, ప్రతి కూరలోనూ అదే. నేను పెట్టెలో తెచ్చుకున్న మా అమ్మ చేతి కారం ఆవిడ చిటికెడు నాలుక మీద వేసుకుని పరుగున కుళాయి దగ్గరికి పోయింది. ఆ తర్వాత మా వంటింట్లో రెండు డబ్బాలు పక్కపక్కన ఉండేవి, ఒకటి అందానికి, ఒకటి కారానికి.

ముందుగదిలో గాజుబీరువా మీద కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పి ఒక పెట్టె ఉండేది. నేని రోజూ ఇల్లంతా దుమ్ము దులిపేది గాని ఆ పెట్టెను కదిపేది కాదు, చుట్టూ తుడిచి వదిలేసేది. నాకు చిన్నప్పటి నుంచీ ఆరా తీసే గుణం ఎక్కువ, మా అమ్మ దానికి ఇంకా మొరటు మాట వాడేది. ఎన్నాళ్ళని ఊరుకోను? బయట గడ్డి మీద మంచు గట్టిపడి బూట్ల కింద కరకరమనే ఒక జూలై సాయంత్రం, ఇక్కడ చలికాలం అదే కదా, కట్టెల పొయ్యి దగ్గర ఇద్దరం కాళ్ళు కాచుకుంటున్నప్పుడు అడిగేశాను. చదరంగం అంది. నాకూ వచ్చు, మా తాత నేర్పాడు అన్నాను. ఆవిడ లేచి, గుడ్డ తీసి పెట్టె దించింది.

మా తాత తాలూకా కచేరీలో పనిచేసినవాడు, మా ఇంట్లో ఆట మాటలన్నీ సగం తెలుగు, సగం ఉర్దూ. నేను ఒక్కొక్క పావునే తీసి మా ఇంట్లో ఏమంటారో చెబుతున్నాను, నేని వాళ్ళ భాషలో ఏమంటారో చెబుతోంది. మా ఒంటె వాళ్ళకు పరుగెత్తేవాడట, మా ఏనుగు వాళ్ళకు కోట బురుజట. ఇంగ్లీషువాళ్ళు రాణి అనే పావును తీసి, ఇది మాకు రాణి కాదు, వజీరు అన్నాను. నేని చెయ్యి గాలిలో ఆగిపోయింది. మళ్ళీ చెప్పమంది. వజీరు అన్నాను. వెజేర్, అంది ఆవిడ. వాళ్ళ భాషలో ఆ పావు పేరు వెజేర్, అంటే నాయకుడని అర్థమట. ఇద్దరం ఆ పావును చేతులు మార్చుకుంటూ ఆ రెండు మాటలూ పదేపదే పలికాం. ఆ తర్వాత యూనివర్సిటీలో భాషలు చదివిన ఒకాయనను అడిగితే ఆ రెండు మాటలకూ చుట్టరికం ఉందో లేదో ఇదమిత్థంగా చెప్పలేమని నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. ఆ మాట నేనికి చెప్పనే లేదు.

ఆట మాత్రం ఆట కాదు, ఊచకోత. నేను నా గుర్రాన్ని బయటికి తీసి కుదురుగా కూర్చునేలోపు నా రాజుకు ఊపిరాడేది కాదు. అయినా ప్రతి సాయంత్రం అన్నాలయ్యాక కూర్చునేవాళ్ళం, ఆవిడ తన వజీరు తీసి పక్కన పెట్టి ఆడేది, అప్పుడైనా నేను నిలబడతానని. అలా ఆడుతున్న రోజుల్లోనే ఒకసారి నా బంటు మూలకు చేరింది. ఏనుగును పెట్టాను. నేని నా చెయ్యి పట్టుకుని, వజీరు తీసుకోవచ్చుగా, ఎందుకీ వినయం అంది. నేను మా ఇంటి పద్ధతి చెప్పాను. మా తాత ఆడే పాత దేశవాళీ ఆటలో బంటుకు కోరుకునే హక్కు లేదు. చివరి వరుసలో ఏనుగు ఇంట్లోకి వెళ్తే ఏనుగు, గుర్రం ఇంట్లోకి వెళ్తే గుర్రం, వజీరు ఇంట్లోకి వెళ్ళే అదృష్టం ఉంటేనే వజీరు. చిన్నప్పుడు నేను పేచీ పెడితే మా తాత, "గది ఏ ఇంట్ల అడుగువెడ్తే ఆ ఇంటోళ్ళదే అయితది బిడ్డా, గంతే" అనేవాడు. బంటును ఎప్పుడూ ఆడపిల్లను అన్నట్టే అనేవాడు, ఎందుకో నేనెన్నడూ ఆలోచించలేదు.

నేను ఇదంతా సరదాగా చెప్పాను. నేని నవ్వలేదు. పావులను అలాగే వదిలేసి, పొయ్యిలో కట్టె ఒకటి వేసి, నా కథ కూడా అదే ఆట అంది. ఆ సాయంత్రమే ఆవిడ తన సంగతి మొదలుపెట్టింది, నేను అడుగుతూ పోవడంతో ఆ చలికాలమంతా సాగింది.

ఆవిడ తండ్రి బుడాపెస్టులో మందుల దుకాణం నడిపేవాడు. సాయంత్రం కాఫీ హోటల్లో చదరంగం ఆడే పెద్దమనుషుల్లో ఆయనొకడు. తల్లి లేని పిల్లను ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక వెంట తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టేవాడు. ఈ పిల్ల వేడి చాక్లెట్ తాగుతూ తాగుతూ ఆట పట్టేసింది. కొన్నాళ్ళకు తండ్రికి వచ్చే ముప్పు ముందే కనిపెట్టి బల్ల కింద ఆయన కాలు తన్నడం మొదలుపెట్టిందట, అవతలి పెద్దమనిషి అభ్యంతరం చెబితే తండ్రి లేచి కుర్చీ ఈమెకే ఇచ్చేశాడట. పద్దెనిమిదేళ్ళకు ఆడపిల్లల పోటీలో గెలిచింది, పత్రికలో తన పేరు పడింది, ఇంటిపేరు ముందు, తన పేరు తర్వాత. అదొక్కటే, అంది. ఆ పేరుతో గెలిచింది అదొక్కటే.

తర్వాత పెళ్ళి. ఆ దేశంలో అప్పటి ఆనవాయితీ మనకు వింతగా ఉంటుంది. పెళ్ళయ్యాక ఆడదాని పేరు మొత్తం పోతుంది, ఇంటిపేరు ఒక్కటే కాదు. మొగుడి ఇంటిపేరు, మొగుడి సొంత పేరు రాసి, చివర నే అనే చిన్న తోక తగిలిస్తారు. నే అంటే ఆ మనిషి భార్య అని. రావుగారి భార్య అన్న మాటే ఆవిడ పేరన్నమాట, రేషను కార్డు మీదా, ఆఫీసులోనూ, పోటీల్లోనూ. ఈవిడ భర్త కూడా చదరంగం ఆడేవాడే, మంచివాడే, ఆట మాత్రం నాకంటే రెండు మెట్లు తక్కువ అని నేని కొంచెం కొంటెగా చెప్పింది. పెళ్ళయ్యాకే ఆవిడ ఆట పదునెక్కింది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళ పోటీలో రెండోస్థానానికి వచ్చింది, పక్కదేశాలకు వెళ్ళి ఆడింది, మహామహుల్లాంటి ఆడవాళ్ళను ఓడించింది. పత్రికలో పడ్డ పేరు మాత్రం భర్తది, చివర కంటికి ఆనని తోకతో. కాఫీ హోటల్లో స్నేహితులు ఆయన వీపు తట్టి అభినందించేవారట. అప్పుడు మీకు కోపం రాలేదా అని అడిగాను. అందరి అమ్మలూ అంతే, మా అమ్మ సమాధి మీద కూడా మా నాన్న పేరే ఉంది, కోపం రావాలని నాకు తెలియలేదు అంది.

నేను మా అమ్మమ్మ సంగతి చెప్పాను. మా అమ్మమ్మ జన్మలో మొగుడి పేరు పలకలేదు. జనాభా లెక్కలవాడు వచ్చి ఇంటి యజమాని పేరేమిటని అడిగితే, మమ్మల్ని కేకేసి పిలిచి మాతో చెప్పించేది. ఆ పేరున్న దేవుణ్ణి కూడా వేరే పేరుతోనే మొక్కేది. నేని ఇది విని, మీ అమ్మమ్మ ఆ పేరు నోట పలకలేదు, నేనేమో ఆ పేరే అయి కూర్చున్నాను, ఇద్దరిలో ఎవరి పరిస్థితి నయం అని అడిగింది.

వాళ్ళ దేశంలో తిరుగుబాటు జరిగి వీధుల్లోకి ట్యాంకులు వచ్చినప్పుడు నేని సరిహద్దు దాటింది. భర్త వస్తానని రాలేదు, కొన్నేళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని కబురు వచ్చింది. ఓడ దిగి, వలసవాళ్ళ శిబిరం దాటి, కాన్‌బెర్రాలో ఉద్యోగం దొరికాక ఆవిడ చేసిన మొదటి పని ఇక్కడి చదరంగం క్లబ్బుకు వెళ్ళడం. పేరడిగారు, తన పేరు చెప్పింది, అది ఎవరూ విన్న పేరు కాదు. మా దేశంలో రెండో స్థానం నాది, ఆడినప్పుడు నా పేరు ఇది అని ఆ తోక పేరు చెప్పింది. అక్కడొక పెద్దమనిషి, పత్రికలు బాగా చదివేవాడు, ముఖం వెలిగిపోయి, ఆ పేరు నాకు తెలుసు, చాలా గట్టి ఆటగాడు, మీ ఆయన కూడా ఈ దేశం వచ్చారా అని అడిగాడట. ఎంతో ఆదరంగానే అడిగాడు పాపం. నేని ఇంటికి వచ్చి పెట్టె మీద గుడ్డ కప్పేసింది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. మీరు చెప్పాల్సింది కదా, అక్కడే కూర్చుని నలుగురిని ఓడించి చూపించాల్సింది కదా అని నేను ఆవేశపడుతుంటే నేని నెమ్మదిగా, నాకు వాళ్ళను ఓడించాలని లేదు, ఇంకొక్కసారి, ఒక్కచోట, నా పేరుతో గెలిచానని రాసి ఉంటే చాలు, చచ్చేలోపు అదొక్కటే కావాలి అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

ఆ క్లబ్బువాళ్ళు ఏటా శరదృతువులో పోటీ పెట్టేవారు. హాల్లో గోడకు పెద్ద చెక్క పలక, దాని మీద ఏ ఏడు ఎవరు గెలిచారో బంగారు అక్షరాలతో రాసి ఉండేది. ఇక్కడ ప్రతి క్లబ్బుకూ అలాంటి పలక ఒకటి ఉంటుంది, గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆడేవాళ్ళకు, క్రికెట్‌వాళ్ళకు, ఆఖరికి గులాబీలు పెంచేవాళ్ళకు కూడా. నేను పోయి చూసొచ్చి చెప్పాను. నేని వెళ్ళనంది. రోజూ సణిగాను. సణగడంలో నాకు సాటి లేదని మా ఆయన ఇప్పటికీ అంటుంటారు. చివరికి ఒక ఉదయం కాఫీ కలుపుతూ, పేరు నేను చెప్పినట్టే రాయాలి, ముందు నాన్న ఇంటిపేరు, తర్వాత నాది అంది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను.

క్లబ్బు కార్యదర్శి మంచి మనిషి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనాయన. పేరు తీసుకుని, అలవాటుగా తిప్పి రాసుకున్నాడు. నేని మళ్ళీ తిప్పించింది. ఆయన బుర్ర గోక్కుంటుంటే, మాకూ ఇదే వరుస సార్, ఇది తప్పు కాదు అని నేను పక్కనుంచి అందుకున్నాను. "రైటో లవ్, మీరెలా అంటే అలా" అన్నాడు.

వారానికొక ఆట, బుధవారం సాయంత్రం. నేను వెంట వెళ్ళి గోడ పక్కన కూర్చునేదాన్ని, ఒళ్ళో నా లెక్కల పుస్తకం ఒక్క పేజీ తిరిగేది కాదు. మొదటి వారాల్లో ఆవిడను చూసి ఎవరో అత్తయ్య సరదాకి వచ్చిందనుకున్నారు, మధ్య వారాలకు ఆవిడ బల్ల చుట్టూ జనం నిలబడటం మొదలైంది. ఒకటి ఓడింది కూడా. ఆ వేళ ఆవిడ బస్సులో ఇంటిదాకా కిటికీ అద్దం మీద వేలితో గళ్ళు గీస్తూ కూర్చుంది. చివరి ఆటకు వచ్చేసరికి లెక్క తేలిపోయింది, ఆవిడ ఎదుట కూర్చున్నది లెక్కలో ఆవిడకంటే అర మెట్టు ముందున్న ఒక సర్వే ఇంజనీరు, చురుకైన కుర్రాడు, అతని మీద గెలిస్తే పలక మీద పేరు, సమానమైనా సరే పేరు అతనిదే.

ఆ ఆట గురించి నేను చదరంగం భాషలో చెప్పలేను. ఇద్దరి వజీర్లూ బోర్డు మీదే ఉన్నారు, నేనికి ఒక బంటు ఎక్కువ, ఆ బంటు అంచు వెంట ఒక్కొక్క గడే నడుస్తూ పోతోంది. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. బంటు మూలగడికి చేరింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకంటే అది ఏనుగు ఇల్లు. బల్ల మీద మరో వజీరు లేదు, ఉన్నది బోర్డు మీద ఉంది. అలాంటప్పుడు ఆ క్లబ్బులో ఒక అలవాటు ఉండేది, చచ్చిన ఏనుగును తలకిందులుగా నిలబెట్టి దాన్నే వజీరు అనుకునేవారు. ఆ కుర్రాడు మర్యాదకే, నవ్వుతూ, పక్కనున్న ఏనుగును తీసి తలకిందులు చేసి ఆవిడకు అందించాడు.

నేని అది తీసుకోలేదు. బల్ల మీది ఆట గడియారం ఆపేసింది. హాలంతా వినపడేలా, "ఇది వెజేర్ కాదు" అంది. ఇంగ్లీషు మాట గుర్తు రాక ఆ ఒక్క మాటా తన భాషలోనే అంది. ఎవరో, ఏం ఫరవాలేదు, మాకు అర్థమవుతుంది అన్నారు, ఎవరో నవ్వారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ బంటు ఇంతదూరం నడిచి వచ్చింది, వజీరు అనుకోవడం నాకు అక్కరలేదు, నిజమైనది కావాలి అంది. కార్యదర్శి ఒక్కొక్క బల్ల దగ్గరా ఆట అయిపోయిన పెట్టెలు వెతికాడు, నేనూ వెతికాను, నాకు ఒకటి దొరికింది. అది పాతది, తలమీద కాస్త పెచ్చు లేచింది. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని మూలగడిలో నిలబెట్టి, గడియారం నొక్కి, నా వైపు ఒక్కసారి చూసింది. మా తాత ఆటలో జరగనిది నా కళ్ళ ముందు జరిగింది, ఏనుగు ఇంట్లో వజీరు. కుర్రాడు కాసేపు పోరాడి రాజును పడుకోబెట్టి లేచి చేయి కలిపాడు.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. నేని గసగసాల రొట్టె కోసి పెట్టింది, ఆయన రెండు ముక్కలు తిని, ఇబ్బందిగా కదిలి, సంగతి చెప్పాడు. పేరు రాసేవాడు సిద్ధంగా ఉన్నాడట. చిక్కేమిటంటే, నేని ఇంటిపేరు ఇంగ్లీషువాళ్ళకు మగవాడి పేరు, వీధికొకడుండే పేరు. ఆవిడ సొంత పేరేమో చివర వస్తే వాళ్ళకు నోరు తిరగని ఇంటిపేరులా ఉంటుంది. ఆవిడ చెప్పిన వరుసలో రాస్తే ఎవరో ఫలానా మగవాడు గెలిచాడనే చదువుతారు. మా క్లబ్బులో గెలిచిన మొదటి ఆడమనిషి మీరు, అది అందరికీ తెలియాలని మా ఆశ అన్నాడు. పోనీ ముందు మిసెస్ అని చేరుద్దామా అన్నాడు. నేని పగలబడి నవ్వింది, వెనక తోకగా ఉన్నది ముందు కొమ్ముగా వస్తానంటోంది అని నాతో అంది. అయితే వరుస తిప్పి రాద్దాం, మీ పేరు ముందు పెడితే కనీసం ఆడపేరని తెలుస్తుంది అన్నాడాయన.

నేని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తిప్పితే ఆవిడ ఆడదని తెలుస్తుంది గాని ఆ పేరు ఆవిడది కాదు, ఈ దేశం పెట్టినది. తిప్పకపోతే పేరు తనదే, కానీ చూసిన ప్రతివాడూ మళ్ళీ ఇంకో మగవాడి ఖాతాలో వేస్తాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఇందుకా అని నాకు ఆ కార్యదర్శి మీద, పలక మీద, ఇంగ్లీషు భాష మీద కూడా కోపం వచ్చింది. నన్ను అడిగి ఉంటే తిప్పమనే చెప్పేదాన్ని. ఆవిడ నన్ను అడగలేదు. వెనక్కి తిరిగి, నా వరుసలోనే రాయండి అంది. జనం మగవాడనుకుంటారు కదా అని ఆయన అంటే, అనుకునేవాళ్ళు అనుకుంటారు, తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఈవిడెవరని అడుగుతారు, నాకు అడిగేవాళ్ళు చాలు అని చెప్పి, ఆయనకు ఇంకో ముక్క రొట్టె వడ్డించింది.

పలక మీద అక్షరాలు ఎక్కిన రోజు ఇద్దరం వెళ్ళాం. నేని చాలాసేపు నిలబడి చూసి, చివరి అక్షరాన్ని వేలితో తాకింది, రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలికి కాస్త బంగారం అంటుకుంది. బస్సులో ఆ వేలు మడిచి పట్టుకునే కూర్చుంది.

నా చదువయ్యాక పెళ్ళయింది, పెళ్ళయ్యాక నా మొదటి పరిశోధన వ్యాసం మీద ఏ ఇంటిపేరు ఉండాలన్న పేచీ అత్తవారింట కొన్నాళ్ళు నడిచింది. మా ఆయన బఠాణీలు ఒలుస్తూ, నీ పేరు నీ ఇష్టం, నన్నెందుకు అడుగుతావు అని తేల్చేశారు. పుట్టింటి పేరే ఉంచుకున్నాను, నా పేరుకు ముందే ఉంచుకున్నాను. నేనికి చెబితే ఫోనులో హంగేరియన్‌లో ఏదో అంది, అర్థం చెప్పలేదు. మేం ఈ దేశపు ఉత్తరాన డార్విన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న రోజుల్లో, అక్కడి వానాకాలంలో, ఆవిడ పోయిన కబురు వచ్చింది. వరండాలో కూర్చుని ఆ వాన ఆగేదాకా ఏడ్చాను, డార్విన్ వాన అంత తొందరగా ఆగదు.

ఆ క్లబ్బు హాలు ఇప్పుడు లేదు. పలకను మాత్రం ఎవరో పుణ్యాత్ములు కాపాడి ఒక కమ్యూనిటీ సెంటరు నడవలో, శీతలపానీయాల యంత్రం పక్కన తగిలించారు. అటు వెళ్ళినప్పుడల్లా కాసేపు నిలబడతాను. కిందటేడు ఒక తల్లి తన కూతురికి ఆ పేర్లన్నీ చదివి వినిపిస్తోంది. పైనుంచి కిందిదాకా చదివి, చూశావా, ఒక్క ఆడపేరు కూడా లేదు అని నిట్టూర్చింది. నేను నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే ఫోను తీసి ఫొటో తీసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని కారు పార్కింగు వైపు నడుస్తోంది. ఆ వయసులో నేనైతే పక్కనున్న ముసలావిడను తప్పక అడిగి ఉండేదాన్ని.

మా రోజుల్లో ఈ దేశంలో అందరూ అందరినీ అడిగేవారు. బస్సులో పక్క సీటువాడు మీ దేశమెక్కడ అనేవాడు, కూరగాయల దుకాణంలో నుదుటి బొట్టేమిటి అనేవారు, కంచె అవతలినుంచి పొరుగావిడ ఈ పోపు వాసనేమిటి అని కేకేసేది. అప్పుడు విసుగొచ్చేది, మేమేం సంతలో వస్తువులమా అనిపించేది. ఇప్పుడు మర్యాద పెరిగింది, ఎవరూ ఏమీ అడగరు, కావలసినది ఫోనులో చూసుకుంటారు, ఫోనుకు కూడా ఆ పలక మీద ఒక మగవాడే కనిపిస్తాడు. నేను కూడా మానేశాను, మా ఎదురింటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఏ దేశంవాళ్ళో నాకు ఇంతవరకు తెలియదు. అందుకే ఇంతసేపు నేని గురించి చెప్పి కూడా ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు. మీలో ఒక్కరికైనా అడగాలనిపించాలని నా ఆశ. అడిగితే చెబుతాను, ఇంటిపేరు ముందు, ఆవిడ పేరు తర్వాత.